బాడుగ బాకీ పడింది, ఇల్లు నిలబెట్టుకోవడం ఎలా?

పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో బాడుగ ఇళ్ల గురించి అడిగినవి ఏరి ఇస్తున్నాం. బాడుగ వివాదాలు చూసే న్యాయవాదులు, పొదుపు సంఘాల్లో పనిచేసే కార్యకర్తలు కలిసి వీటికి జవాబులు రాశారు. చాలామంది మూడో నెల బాకీ పడ్డాక, సామాను బయట పెడతామన్నాక రాశారు. అప్పటికీ దారి ఉంటుంది, కానీ ఇరుకైపోతుంది. మొదటి నెల తప్పిన వారంలోనే కదిలితే ఇందులో సగం సమస్యలు మాటతో, ఒక కాగితంతో తీరిపోతాయి.

ప్రశ్న: మా ఆయన రొయ్యల ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేస్తూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలుగా జీతం లేదు. నేను రెండిళ్లలో చేసే పని తిండికే సరిపోతోంది. బాడుగ నెలకు 4,500. రెండు నెలలది కట్టలేదు. ఇంట్లో చేరినప్పుడు 10,000 అడ్వాన్సు ఇచ్చాం. పదో తేదీకల్లా ఖాళీ చేయమంటోంది ఓనరమ్మ. రోజువారీ ఫైనాన్సులో తీసుకుని కట్టేయమంటారా? (ఒక సోదరి, వేదాయపాలెం, నెల్లూరు)

ఫైనాన్సు వద్దమ్మా. పదివేలు రాయించుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. చూడటానికి పోయేది 1,500 లాగే ఉంటుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది కదా, ఆ లెక్కన అది నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. పైగా రోజూ వంద పోతుంటే వచ్చే నెల బాడుగకు మళ్లీ చేయి చాచాలి. బాడుగ బాకీని ఫైనాన్సు బాకీగా మార్చుకున్న ఇళ్లు చివరికి రెండింటికీ తప్పుకు తిరగాల్సి వస్తుంది.

ముందు ఒక తెల్లకాగితం మీద మీ లెక్క రాయండి. బాకీ 9,000. ఓనరు దగ్గరున్న మీ అడ్వాన్సు 10,000. అంటే ఇవాళ్టికి ఆమె సొమ్ము ఒక్క రూపాయి కూడా మునగలేదు. ఇది మీ చేతిలో ఉన్న బలం. దీన్ని దెబ్బలాటకు వాడకండి, బేరానికి వాడండి. ఇలా అడగొచ్చు: రెండు నెలల్లో ఒక నెలది అడ్వాన్సులో మినహాయించుకోండి, రెండో నెల 4,500 ఈ వారంలో ఇస్తాం, మినహాయించుకున్న 4,500 నెలకు 750 చొప్పున ఆరు నెలల్లో మళ్లీ అడ్వాన్సుకు జమ చేస్తాం, ఈ నెల నుంచి బాడుగ ఐదో తేదీ దాటనివ్వం. అడ్వాన్సు మొత్తం బాడుగలోకి తీసేసుకోమని మాత్రం అనకండి. రేపు ఇల్లు మారాల్సి వస్తే కొత్త ఇంటికి ఇచ్చే డబ్బు అదే.

ఈ మాట నోటితో వదిలేయకుండా రెండు కాగితాల మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసి, చెరొకటి ఉంచుకోండి. ఇంతే చాలు: "ఫలానా ఇంటి కింది పోర్షనులో నెలకు 4,500 బాడుగకు ఉంటున్నాం. ఫలానా రెండు నెలల బాకీ 9,000. ఇందులో 4,500 ఈ రోజు చెల్లించాం. మిగిలిన 4,500 అడ్వాన్సులో మినహాయించి, నెలకు 750 చొప్పున ఆరు వాయిదాల్లో తిరిగి జమ చేస్తాం. వాయిదా తప్పనంతవరకు ఈ పాత బాకీ కారణంగా ఖాళీ చేయమని అడగరు." చివరి వాక్యం తప్పక ఉండాలి. అది రాయించుకోకుండా డబ్బు కట్టి, నెల తిరగకముందే మళ్లీ ఖాళీ చేయమనిపించుకున్న వాళ్లున్నారు.

ఇక ఆ 4,500 ఎక్కడి నుంచి? మీరు పొదుపు సంఘంలో ఉంటే సంఘం సొంత పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పు అన్నిటికన్నా దగ్గరి దారి. నెలవారీ సమావేశం దాకా ఆగక్కర్లేదు. అధ్యక్షురాలిని, మీ ఆర్పీని (సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్‌ను) కలిసి ప్రత్యేక సమావేశం పెట్టించి మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి. స్త్రీనిధి (పొదుపు సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) అప్పు కూడా ఉంది గానీ సంఘానికి పాత వాయిదాలు బాకీ ఉంటే అది కదలదు. అందుకే ముందు సంఘం ఖాతా పరిస్థితి అడగండి. పది రోజులు దానికోసం తిరిగాక బాకీ సంగతి బయటపడితే మీ పదో తేదీ దాటిపోతుంది.

మీరు రాసిన దాంట్లో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఫ్యాక్టరీ ప్రమాదం. మీ ఆయన జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోత ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే, పనిలో తగిలిన గాయానికి పని చేయలేని రోజులన్నిటికీ జీతంలో సుమారు 90 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. దీనికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. మామూలు జబ్బుకైతే 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు, అదీ ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉంటేనే. ఎక్కడ చెడుతుందంటే, కాలు విరగగానే దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్టు ఉండదు. ప్రమాదం ఫ్యాక్టరీలో జరిగినట్టు రాతమూలకంగా ఎక్కడా నమోదు కాదు. ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, ఆధార్, ఈఎస్ఐ నంబరు తీసుకుని ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లండి. ప్రమాద నివేదిక పంపమని ఫ్యాక్టరీకి ఉత్తరం రాసి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఈ డబ్బు వస్తుందని ఓనరమ్మకు కాగితం చూపిస్తే, వట్టి మాట కన్నా బాగా నమ్ముతుంది.

చివరగా, "పదో తేదీ" అని నోటితో చెప్పినంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయాలని చట్టంలో లేదు. వేరే గడువు రాసుకోకపోతే, నెలవారీ బాడుగ ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. గడువు ముగిసినా మీరు కదలకపోతే ఆమె వెళ్లాల్సింది కోర్టుకే. ఉత్తర్వు వచ్చాక ఖాళీ చేయించేది కోర్టు అమీనా. ఆమెకు గానీ, ఆమె తరఫు మనుషులకు గానీ ఆ అధికారం లేదు.

ప్రశ్న: మూడు నెలల బాకీ ఉన్నమాట నిజమే. మేం కూలికి వెళ్లినప్పుడు ఓనరు కరెంటు తీసేసి గదికి తన తాళం వేశాడు. పిల్లల పుస్తకాలు, మా అత్త బీపీ మాత్రలు లోపలే ఉన్నాయి. స్టేషనుకు వెళ్తే సివిల్ గొడవ, కోర్టుకు పొమ్మన్నారు. (గద్దలగుంట, ఒంగోలు)

బాకీ సివిల్ వ్యవహారమే. తాళం కాదు. స్టేషనులో చాలామంది బాడుగ సంగతితో మొదలుపెడతారు, వినేవాళ్లకు అది డబ్బు పంచాయితీలా వినిపిస్తుంది. ఫిర్యాదు మొదటి వాక్యంలోనే జరిగిన పని రాయండి: "ఫలానా తేదీ, ఫలానా గంటకు మేం కాపురం ఉంటున్న గదికి తాళం వేసి మమ్మల్ని లోపలికి వెళ్లనివ్వడం లేదు. లోపల మందులు, పిల్లల పుస్తకాలు, వంట సామాను ఉన్నాయి." అక్రమంగా అడ్డగించడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షను, అక్రమ ప్రవేశం 329, బెదిరింపు 351 కిందకు వస్తాయి. మీ విషయంలో ఏది నిలుస్తుందో పోలీసులు చూసుకుంటారు. మీరు జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు. తాళం ఫొటో, కరెంటు తీసిన మీటరు ఫొటో, పక్క పోర్షను వాళ్ల పేర్లు జత చేయండి. అప్పటికప్పుడు గొడవ జరుగుతుంటే 112కు ఫోన్ చేస్తే కాల్ నమోదవుతుంది. తర్వాత అది ఆధారంగా పనికొస్తుంది. స్టేషనులో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీ గారి పేరిట స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

మీరు తాళం పగలగొట్టొద్దు. ఆ పని చేసిన మరుక్షణం కేసు మీ మీదకు తిరుగుతుంది.

అదే రోజు 15100కు ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సహాయ నంబరు. ఒంగోలు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా లాయరునిచ్చి కోర్టు ఖర్చులు భరిస్తారు. కాబట్టి దరఖాస్తు ఇంట్లో ఆడమనిషి పేరు మీద పెట్టండి. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి గెంటేస్తే, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షను కింద ఆ ఇల్లు తిరిగి స్వాధీనం కోరుతూ ఆరు నెలల్లోపు దావా వేయొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, మిమ్మల్ని గెంటిన తీరు ఒక్కటే చూస్తారు. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. కరెంటు సంగతి: ఇంట్లో ఉంటున్నవాళ్లు కూడా కనెక్షను అడగొచ్చని 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షను చెబుతోంది. ఓనరు ఒప్పుకోలేదన్న సాకుతో కిరాయిదారుకు కరెంటు నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. లైను తెంపిన ఫిర్యాదును కరెంటు సంస్థ నంబరు 1912కు చెప్పి నంబరు రాసుకోండి.

తాళం తీయించాక బాకీ అలాగే ఉంటుందని మరవకండి. లోక్ అదాలత్‌లో (న్యాయ సేవాధికార సంస్థ నడిపే రాజీ వేదిక) వాయిదాలు కుదుర్చుకోండి. తెల్లకాగితం మీద అర్జీ పెడితే చాలు, ఫీజు లేదు, వాళ్లే ఓనరును పిలిపిస్తారు. ఇక్కడొక జాగ్రత్త. అక్కడ రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. "రెండు నెలల్లో ఖాళీ చేస్తాం" అని రాసి ఉన్న చోట చదవకుండా సంతకం పెడితే అదే కాగితంతో మిమ్మల్ని ఖాళీ చేయించొచ్చు. కట్టగలిగిన మొత్తమే ఒప్పుకోండి, చదివి వినిపించమని అడగండి.

ప్రశ్న: ఎక్కువ బాడుగకు మనుషులు దొరికారని ఓనరు మా డబ్బు తీసుకోవడం మానేశాడు. తర్వాత "బాడుగ ఎగ్గొట్టారు" అంటాడేమోనని భయం. రసీదులు ఎప్పుడూ ఇవ్వలేదు. పదకొండు నెలల అగ్రిమెంటు కూడా అయిపోయింది. (కావలి)

మీ భయం సరైనదే, జరిగేది సరిగ్గా అదే. ఫోన్‌పే, గూగుల్‌పే ఏదైనా సరే, ప్రతి నెలా అదే తేదీన పంపి, నోట్ పెట్టే చోట "అక్టోబరు బాడుగ" అని రాయండి. తిప్పి పంపినా పంపినట్టు ఆధారం ఉంటుంది. నంబరు బ్లాక్ చేస్తే, "బాడుగ సిద్ధంగా ఉంది, ఏ ఖాతాకు వేయమంటారో చెప్పండి" అని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, చేరినట్టు కాగితం తీసుకోండి. ఆ డబ్బు ఖర్చు పెట్టకుండా విడిగా ఒక ఖాతాలో వేస్తూ ఉండండి. కోర్టులో జమ చేయమన్న రోజున చూపించడానికి అదే కావాలి. "ఆయన తీసుకోలేదు, అందుకే వాడేశాం" అంటే ఎంత నిజాయితీగా నడుచుకున్నా కేసు పాడవుతుంది. ఫోను పోతే స్క్రీన్‌షాట్లు పోతాయి కాబట్టి ఆరు నెలలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటు తీసి దాచండి. చేతికిస్తే చిన్న పుస్తకంలో రాసి సంతకం అడగండి. 5,000 దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి.

అగ్రిమెంటు అయిపోయినంత మాత్రాన మీరు దొంగచాటుగా ఉంటున్నట్టు కాదు. గడువు తర్వాత కూడా ఆయన బాడుగ తీసుకుని ఉంటే నెలవారీ కిరాయిగా సాగుతున్నట్టే. ఖాళీ చేయించాలంటే మళ్లీ నోటీసే ఇవ్వాలి.

ప్రశ్న: మా బస్తీలో 20 పొదుపు సంఘాలున్నాయి. పొగాకు గ్రేడింగ్ సీజను అయిపోయాక ఏటా నాలుగైదు కుటుంబాలు బాడుగ కట్టలేక వెళ్లిపోతున్నాయి, పిల్లల చదువు ఆగిపోతోంది. సమాఖ్య తరఫున అత్యవసర బాడుగ నిధి పెట్టాలనుకుంటున్నాం. ఎలా నడపాలి? (బస్తీ సమాఖ్య సభ్యులు, ఒంగోలు)

చాలా మంచి ఆలోచన. 1990ల మొదట్లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టింది ఇలాంటి ఆపద రోజుల కోసమే. వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే ఇలాంటి నిధులు మంచి మనసు లేక కాదు, నిబంధనలు లేక ఆరిపోతాయి.

ఇరవై సంఘాల్లో పదేసి మంది చొప్పున 200 మంది. మనిషికి నెలకు 20 రూపాయలంటే 4,000. ఆరు నెలలు ఎవరికీ ఇవ్వకుండా 24,000 చేర్చండి. తొలి నెలలోనే అప్పులివ్వడం మొదలుపెడితే రెండో కుటుంబం వచ్చేసరికి పెట్టె ఖాళీ అవుతుంది, నమ్మకం పోతుంది. ఒక కుటుంబానికి రెండు నెలల బాడుగ లేదా 8,000, ఏది తక్కువైతే అది. అలా ఒకేసారి ముగ్గురిని ఆదుకోగలరు. వడ్డీ వద్దు. తిరిగి చెల్లింపు నెలకు 800 చొప్పున పది వాయిదాలు, మొదటి వాయిదా పని మళ్లీ మొదలైన నెల నుంచి. ఆపదలో ఉన్నవాళ్ల మీద మరుసటి నెలే వాయిదా పెడితే దాన్ని కట్టడానికి బాడుగ ఆపుతారు, మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బు కుటుంబం చేతికి ఇవ్వొద్దు, ఓనరు ఖాతాకే వేయండి. ఇది అపనమ్మకంతో పెట్టే నిబంధన కాదు. చేతిలో నగదు ఉన్న సాయంత్రమే ఫైనాన్సు వాడు తలుపు కొడతాడు, బాడుగ డబ్బు అటు పోతుంది. వేసే ముందు ఓనరు దగ్గర నాలుగు మాటలు రాయించుకోండి: ఇంతవరకు బాకీ ఇంత, ఈ సొమ్ముతో అది తీరింది, మూడు నెలల వరకు బాడుగ పెంచను, పాత బాకీ పేరుతో ఖాళీ చేయమనను. సంతకం పెట్టనంటే డబ్బు వేయకండి. వారం తర్వాత ఎలాగూ ఖాళీ చేయించబోయే ఇంటికి నిధి కరిగించడం అందరికీ నష్టం.

అర్జీ వచ్చిన మూడు రోజుల్లో జవాబు చెప్పాలి. నెలవారీ మీటింగు దాకా ఆగితే అది అత్యవసర నిధి కాదు. ముగ్గురు సభ్యుల కమిటీ చాలు. అర్జీదారుకు చుట్టమైనవాళ్లు ఆ రోజు పక్కకు తప్పుకుని ఇంకొకరికి చోటివ్వాలి. ఏడాదికోసారి ముగ్గురూ మారాలి. చూడాల్సినవి తక్కువే: ఆరు నెలల బాడుగ కట్టిన ఆధారం, బాకీ ఎందుకు పడింది, ఆదాయం మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది.

ఈ మూడో ప్రశ్న దగ్గర మొహమాటపడొద్దు. ప్రమాదం, ప్రసవం, సీజను విరామం లాంటివైతే రెండు నెలల సాయం కుటుంబాన్ని నిలబెడుతుంది. సంపాదించే మనిషి పోయి ఆదాయం సగమైపోయిందనుకోండి, 4,500 బాడుగ ఇల్లు వాళ్లకు ఇక తూగదు. అక్కడ బాకీ తీర్చడం కన్నా, అదే బడి దగ్గర చిన్న ఇల్లు చూసి దాని అడ్వాన్సు, సామాను తరలించే ఆటో ఖర్చు నిధి నుంచి ఇవ్వడం మేలు. ఇల్లు మారినా బడి మారకపోతే చాలావరకు గెలిచినట్టే.

పేర్లు మీటింగులో చదవకండి. ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, ఎంత తిరిగొచ్చింది అన్నది ప్రతి నెలా బోర్డు మీద రాయండి, కుటుంబాలకు నంబర్లు ఇవ్వండి. బాకీ సంగతి నలుగురిలో పడుతుందన్న సిగ్గుతోనే చాలామంది మొదటి నెలలో రారు. వాయిదా ఆగిపోతే ఇంటి ముందు కూర్చోవద్దు. కారణం కనుక్కుని వాయిదాను 400కు తగ్గించి గడువు పెంచండి. నిధిని సమాఖ్య పేరిట విడి ఖాతాలో, ఇద్దరి సంతకాలతో నడపండి. పొదుపు లెక్కలో కలపొద్దు. బయటివాళ్ల దగ్గర వడ్డీ ఇస్తామని డిపాజిట్లు తీసుకోవడం, చీటీ పాటగా మార్చడం చట్టపరమైన చిక్కులు తెస్తుంది, ఆ జోలికే వెళ్లకండి.

గిరాకీ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కాబట్టి అప్పటికి నిధి నిండుగా ఉండేలా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కట్టడం పని ఆగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. జూన్‌లో బడి ఖర్చులు మీద పడతాయి. నిధి ఒక్కటే కాకుండా కమిటీ ఇంకో పని కూడా చేయాలి: వచ్చిన ప్రతి కుటుంబానికీ రావలసినవి ఆగిపోయాయేమో చూడాలి. వితంతు పింఛను 4,000, దివ్యాంగుల పింఛను 6,000, తల్లికి వందనం, బియ్యం కార్డు. ఏది ఆగినా వార్డు సచివాలయానికి తోడు వెళ్లండి. అక్కడ తేలకపోతే 1100 (ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు)కు గానీ, సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు గానీ. ఒక్క పింఛను పునరుద్ధరణ నిధి ఇచ్చే 8,000 కన్నా ఎక్కువ కాలం ఆ ఇంటిని కాస్తుంది. ఆ ఇబ్బంది నెలలో అన్న క్యాంటీన్ గురించి కూడా చెప్పండి. పూటకు ఐదు రూపాయల భోజనంతో ఆదా అయ్యేది బాడుగకు అక్కరకొస్తుంది.

ప్రశ్న: మేం యానాదులం. రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో ఉంటూ కాపలా కాస్తాం. అడ్వాన్సు 40,000 తీసుకున్నాం. ఇప్పుడు షెడ్డు ఖాళీ చేయమంటున్నారు, అడ్వాన్సు తీర్చేదాకా వేరే పనికి పోకూడదంటున్నారు. (కోవూరు వైపు నుంచి, ఒక యువకుడు రాసిన ఉత్తరం)

మీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి, రెండోది పెద్దది. పనితో వచ్చిన షెడ్డుకు బాడుగ ఇంటికున్నంత రక్షణ ఉండదు. పని పోతే గడువు అడిగి, వేరే నీడ చూసుకోవాల్సి రావొచ్చు. అయినా రాత్రికి రాత్రి గెంటడం, గిన్నెలు, ఆధార్ కార్డులు పట్టుకుని ఇవ్వకపోవడం ఎవరికీ హక్కు కాదు. బాకీ తీరేదాకా ఇంకెక్కడా పనిచేయకూడదనడం మాత్రం వెట్టి చాకిరీ కిందకు రావొచ్చు. 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి బాకీ రద్దవుతుంది. ఆర్డీఓకు రాతపూర్వకంగా ఇవ్వండి: ఏ తేదీన ఎంత తీసుకున్నారు, నెలకు ఎంత ఇస్తున్నారు, ఎన్ని గంటల కాపలా, వెళ్లనివ్వనన్నది ఎవరు, ఏ మాటతో. విచారణలో నిజమని తేలితే విడుదల పత్రం ఇస్తారు. తర్వాత ఏ సాయానికైనా అదే మూలం, తీసుకోకుండా రాకండి.

ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు ఎస్టీ కుటుంబాన్ని బలవంతంగా ఇల్లు గానీ ఊరు గానీ విడిచిపోయేలా చేస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1) సెక్షను కింద నేరం. ఆ కేసు డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. నెల్లూరులోని యానాదుల ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) ఇదే అర్జీ నకలు ఇవ్వండి, పెద్దలకు చదువు రాకపోతే తోడు మనిషిని అడగండి. కుల ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు లేకపోవడం వల్లే యానాది కుటుంబాల అర్జీలు ఎక్కువగా ఆగిపోతాయి. ఉన్నవాటి జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుంటల దగ్గర కాకుండా ఊళ్లో నమ్మకమైన ఇంట్లో ఉంచండి. ఇళ్ల స్థలానికి సచివాలయంలో అర్జీ పెట్టి రసీదు తీసుకోవడం కూడా ఇప్పుడే చేయండి.

ప్రశ్న: పెన్నా గట్టు పక్కన ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం. ఇంటి పన్ను, కరెంటు బిల్లు మా పేరు మీదే. ఇప్పుడు ఖాళీ చేయాలని నోటీసు అంటించారు. (నెల్లూరు)

చేదుగా ఉన్నా ముందే చెప్పాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీరక్కడ ఉంటున్నారని చెబుతాయే గానీ స్థలం మీ సొంతమని చెప్పవు. ఇళ్లు కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల దగ్గర ఉన్న అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. గట్టు మీద వాళ్లు ఆ తీర్పును నమ్ముకుని కూర్చోవద్దు.

ముందు నోటీసు ఏ చట్టం కింద ఇచ్చారో చూడండి. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కిందైతే 7వ సెక్షను నోటీసుకు జవాబు చెప్పుకునే అవకాశం ఉంటుంది. అందులో రాసిన గడువులోపే జవాబిచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. అందరూ కలిసి ఒక్క అర్జీ మీద వేలిముద్రలు వేస్తే సరిపోదు. కుటుంబానికొక పేజీ ఉండాలి: మనుషులెందరు, ఎప్పటి నుంచి ఉన్నారు, పిల్లలు ఏ బడి, ముసలివాళ్లు, దివ్యాంగులు ఎవరు, వేరే చోట ఇల్లు గానీ పట్టా గానీ ఉందా. పునరావాసం ఇచ్చేటప్పుడు జాబితాలో పేరు లేని కుటుంబాలే వీధిన పడతాయి. అందుకని ఖాళీ చేయకముందే లెక్కల్లోకి ఎక్కడం మీ మొదటి డిమాండు కావాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయరును అడిగితే అప్పీలుకు, హైకోర్టుకు కూడా ఉచిత సాయం దొరుకుతుంది. వరద హెచ్చరిక వస్తే మాత్రం కేసు సంగతి పక్కన పెట్టి పిల్లల్ని తీసుకుని కదలండి. 2021 నవంబరు వరద గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: భర్త వదిలేసి వెళ్లాడు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది, పిల్లలతో సహా పొమ్మంటోంది. (సింగరాయకొండ)

ఇల్లు అత్తగారిదైనా, మీరు కాపురం చేసిన ఇల్లయితే గృహహింస చట్టం 17వ సెక్షను మీకు అక్కడ ఉండే హక్కు ఇస్తుంది. భర్త బంధువుల పేరు మీదున్న ఇంటికీ ఇది వర్తించొచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మహిళల సహాయ నంబరు 181కు ఫోన్ చేయండి, లేదా ఒంగోలులో మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లండి. ప్రొటెక్షన్ ఆఫీసరు నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. అర్జీలో 19వ సెక్షను కింద నివాస ఉత్తర్వు అడగండి. అక్కడ ఉండటం కుదరని పరిస్థితి అయితే వేరే ఇల్లు చూపమని గానీ, బాడుగ కట్టమని గానీ కోరొచ్చు. చాలామంది భరణం ఒక్కటే అడిగి ఇంటి సంగతి వదిలేస్తారు. ఇల్లు వదిలి వెళ్లకముందే అర్జీ పెట్టండి.

ప్రశ్న: నేను వితంతువును. రెండు పోర్షన్ల రేకుల ఇల్లే నా ఆధారం. కిరాయికున్న వాళ్లు ఐదు నెలలుగా ఇవ్వలేదు. పేదవాళ్లే, కానీ నేను ఎలా బతకాలి? (చీమకుర్తి)

మీ కష్టం వాళ్ల కష్టంకన్నా చిన్నది కాదు. రేకులు తీయడం, కుళాయి కట్టేయడం మాత్రం చేయొద్దు. ఆ పని చేస్తే న్యాయం మీ వైపున్నా కేసు మీ మీద పడుతుంది. మీరూ మహిళే కాబట్టి ఉచిత లాయరు మీకూ దొరుకుతాడు. ముందు వాళ్లు పనిచేసే క్వారీ లేదా పాలిషింగ్ యూనిట్లో జీతం ఎప్పుడిస్తారో కనుక్కుని, ఆ తేదీ మరుసటి రోజును బాడుగ తేదీగా మార్చండి. జీతం ఇరవైన వచ్చే ఇంట్లో ఐదో తేదీ బాడుగ ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. వాళ్ల పొదుపు సంఘాన్ని కలిసి ఒకటి రెండు నెలల బాకీ సంఘం ద్వారా మీ ఖాతాకు వేయించమని అడగండి. ఇక వాళ్లు నిలదొక్కుకోలేరని తేలితే, లోక్ అదాలత్‌లో బాకీలో రెండు నెలలు వదులుకుని, ఖాళీ చేసే తేదీ రాయించుకోండి. రెండేళ్లు దావా నడపడం కన్నా మీకు అదే లాభం. ఈలోగా వాళ్లు ఐదొందలిచ్చినా తీసుకుని రసీదు ఇవ్వండి, ఏ నెల బాడుగకు జమ వేశారో అందులో రాయండి. అది రాయకపోతే పాత బాకీయా, ఈ నెలదా అన్న తగాదా రేపు మళ్లీ మొదలవుతుంది.